అన్నదమ్ముల పిల్లలు

మా స్కూల్లో తెలివైన పిల్లలెవరో పరీక్ష పెట్టకముందే అందరికీ తెలుసు. ముందు బెంచీలో కూర్చునేవాళ్ళు, అక్షరాలు గుండ్రంగా రాసేవాళ్ళు, ఎవరైనా ఆఫీసరు వస్తే లేచి గడగడా అప్పజెప్పేవాళ్ళు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మునిసిపల్ హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. ఏటా చలికాలంలో ఒక ట్రస్టు వాళ్ళు మాకు కబురు పెడతారు. ఏడో తరగతిలో ప్రతిభ ఉన్న పేద పిల్లల్ని పంపండి, పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి, నెగ్గినవాళ్ళకి ఎనిమిది నుంచి ఇంటర్ దాకా చదువూ హాస్టలూ ఉచితంగా ఇస్తాం అని. గన్నవరం వెళ్ళే దారిలో వాళ్ళకి పెద్ద క్యాంపస్ ఉంది. అక్కడికి వెళ్ళిన పిల్లలు బాగుపడ్డారు. ఆ ట్రస్టుని తిట్టడానికి నేనిది రాయడం లేదు. తిట్టవలసిన చోటు వస్తే మాత్రం నోరు కట్టుకోను.

పిల్లల పేర్లు చెప్పవలసింది టీచర్లం. అసలు తిరకాసంతా అక్కడే మొదలవుతుంది. పరీక్ష రాసే వరసలోకి రావాలంటే ముందు మా కళ్ళకి ఆనాలి. మా కళ్ళకి ఎవరు ఆనుతారంటే, మా పిల్లల్లా ఉన్నవాళ్ళు.

ఇది నాకు ఎవరో చెప్పిన సంగతి కాదు. మాది పామర్రు దగ్గర పల్లె. క్రిస్టియన్ కుటుంబం. అమ్మా నాన్నా పొలం పనులకి వెళ్ళేవాళ్ళు. నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటే పిచ్చి. కానీ బళ్ళో ఏ పోటీ వచ్చినా మా మాస్టారు నన్ను పాటల పోటీకే పంపేవారు. "మీవాళ్ళు చర్చిలో బాగా పాడతారుగా, నువ్వెళ్ళు" అనేవారు. నా గొంతు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను పాట ఎత్తుకుంటే మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి "ఎవరికేమైందే" అని కేకేసేది. లెక్కల పోటీకి మాత్రం వేరే పిల్లలు వెళ్ళి వస్తుండేవాళ్ళు. ఆయన మంచివాడే. నన్ను ప్రోత్సహిస్తున్నాననే అనుకునేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకని నేను టీచర్నయ్యాక వెనక బెంచీల వైపు కొంచెం ఎక్కువగా చూస్తాను. ఆ చూపుకే ఆ పిల్ల చిక్కింది.

వాళ్ళ నాన్న ఆటోనగర్‌లో లారీలకీ ఆటోలకీ సీటు కవర్లు కుడతాడు. వాళ్ళమ్మ ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. ఆ పిల్ల తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ, ఒక్కో మాటకి ముందు కాసేపు ఆగుతుంది. ఆ ఆగడాన్ని చూసి మందబుద్ధి అనుకున్నవాళ్ళు మా స్టాఫ్ రూంలో చాలామంది ఉన్నారు.

ఒకరోజు క్లాసులో చుట్టుకొలతా వైశాల్యమూ చెబుతున్నాను. చుట్టుకొలత ఎక్కువైతే చోటు కూడా ఎక్కువే ఉంటుంది కదా అని అడిగాను, పిల్లలు తప్పులో పడతారా లేదా చూద్దామని. క్లాసంతా అవునని అరిచింది. ఈ పిల్ల చెయ్యెత్తింది. "ఎప్పుడూనా టీచర్?" అంది. ఎందుకు కాదో చెప్పమన్నాను. ఏమీ చెప్పలేదు, కూర్చుంది. మర్నాడు వాళ్ళ నాన్న షాపులో మిగిలిన రెక్సిన్ ముక్కలు రెండు తెచ్చింది. ఒకటి జానెడు పొడవూ జానెడు వెడల్పూ ఉన్న ముక్క. ఇంకొకటి సన్నగా రిబ్బన్‌లాగా, బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి ఉంది. "దీనికి అంచు కుట్టాలంటే దారం చాలా పడుద్ది టీచర్. కానీ దీనిమీద చిన్నపిల్ల కూడా కూర్చోలేదు" అంది. క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను, ఇంత శుభ్రంగా ఎవరూ నాకు తిరిగి చెప్పలేదు.

అప్పటి నుంచీ గమనిస్తూ వచ్చాను. ఏ సూత్రం చెప్పినా ఆ పిల్లది ఒకటే ప్రశ్న. ఎప్పుడూనా టీచర్? ఎక్కడైనా తప్పిపోతుందా? గైడు పుస్తకంలో ఉన్నదాన్ని కూడా అంత తేలిగ్గా నమ్మేది కాదు. లెక్కల్లో ఇంతకంటే పెద్ద ప్రతిభ ఏముంటుందో నాకు తెలియదు.

ఆ ఏడు పేర్లు అడిగినప్పుడు ఆ పిల్ల పేరు చెప్పాను. మా తెలుగు మేడమ్ ముఖం చిట్లించింది. "వాళ్ళమ్మాయిల్ని టెన్త్ అవగానే పెళ్ళి చేసేస్తారండీ. అంత మంచి సీటు పాడైపోద్ది" అంది.

"మీ అమ్మాయికి డిగ్రీ మధ్యలో చేశారుగా, ఆ సీటు ఏమైందండీ?" అన్నాను.

ఆవిడ నాతో వారం రోజులు మాట్లాడలేదు. హెచ్చెమ్ గారు మాత్రం, "పోన్లెండి, వాళ్ళ కమ్యూనిటీ నుంచి కూడా ఒకరుంటే మంచిదే" అని సంతకం పెట్టారు. ఆ మాటకీ నాకు కోపం వచ్చింది గానీ, పని అయ్యిందిగా అని మింగేశాను.

ఆ పిల్ల రాత పరీక్షలో సునాయాసంగా నెగ్గింది. మా స్కూలు నుంచి ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది ఆ పిల్ల ఒక్కతే. ఇంటర్వ్యూకి తల్లీ తండ్రీ ఇద్దరూ తప్పకుండా రావాలని ట్రస్టు నియమం. మధ్యలో పిల్లని మానిపించబోమని ఇద్దరూ మాటివ్వాలట. పేరు పంపిన టీచరు కూడా రావచ్చు, వెనక కూర్చోవచ్చు, మాట్లాడకూడదు. నన్నెరిగినవాళ్ళెవరో ఆ చివరి నియమం పెట్టారేమో అనుకున్నాను.

మార్చి నెల ఆదివారం. పాస్టర్ గారికి ఆరాధనకి రాలేనని ఫోన్ చేసి, వాళ్ళతో పాటు సిటీ బస్సు ఎక్కాను. వాళ్ళ నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాని మడత చెడిపోకుండా సీటు అంచున కూర్చున్నాడు. వాళ్ళమ్మ దారి పొడుగునా పిల్ల చేత ఏదో ఉర్దూలో చదివిస్తూనే ఉంది. ఆ పిల్లకి సీటు వస్తే వెనక ఉన్న చెల్లెలికి కూడా దారి పడుతుందని ఆ తల్లి ఆశ. సీటు రాకపోతే ఆ పిల్లని ఈ ఏడే కుట్టుమిషను ముందు కూర్చోబెడదామని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారని అంతకుముందే నాతో చెప్పింది. అందుకే ఆ ఇంటర్వ్యూ నాకు కూడా గుండెల మీద కుంపటిలాగే ఉంది.

గదిలో ఏసీ చల్లగా ఉంది. బల్ల అవతల ఇద్దరు. ఒకాయన ట్రస్టు చదువుల వ్యవహారాలన్నీ చూసే డైరెక్టరు. రిటైరైన లెక్చరర్, తెల్ల జుట్టు, నెమ్మదైన మాట. పక్కన ఒక డాక్టరమ్మ, ట్రస్టు సభ్యురాలు. వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. దాని గురించి ఆయన చాలా గర్వంగా చెప్పాడు. రాత పరీక్షలో పిల్లలు తప్పు చేసిన ప్రశ్నలు మళ్ళీ వాళ్ళ ముందు పెడతారట. తప్పు తెలుసుకుని అక్కడికక్కడే దిద్దుకున్నవాళ్ళకే ఎక్కువ విలువ. బట్టీ పట్టే పిల్లలు అక్కడ దొరికిపోతారు, నిజంగా ఆలోచించేవాళ్ళు బయటపడతారు అన్నాడు. వింటుంటే నాకు నచ్చింది కూడా. మా చిన్నప్పుడు ఇలాంటివాళ్ళుంటే ఎంత బాగుండేది అనిపించింది.

ఆ పిల్ల తప్పులు కొద్దిగానే ఉన్నాయి. ఒకదాన్ని చూపించగానే, "అయ్యో, తొందరలో చూసుకోలేదు సార్" అని దిద్దేసింది. ఇంకొకటి కాగితం మీద వేసి చూపించింది. ఆయన తల ఊపుతూ డాక్టరమ్మ వైపు చూశాడు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. తర్వాత ఆయన రీజనింగ్‌లో ఒక ప్రశ్న చదివాడు.

"ఒక స్త్రీ ఒక పురుషుణ్ణి చూపించి, 'ఇతని తండ్రీ నా తండ్రీ సొంత అన్నదమ్ములు' అంది. అతను ఆమెకి ఏమి కావడానికి వీలు లేదు? ఒకటి, అన్న. రెండు, తమ్ముడు. మూడు, భర్త. నాలుగు, పైవన్నీ కావచ్చు. నువ్వు నాలుగు పెట్టావమ్మా. ఇంకోసారి ఆలోచించు."

ఆ పిల్ల అలవాటు ప్రకారం కాసేపు ఆగింది. "నాలుగే సార్" అంది.

"తొందరపడకు. అన్నదమ్ముల పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు?"

"అన్నాచెల్లెళ్ళు అవుతారు సార్. పెళ్ళి చేసుకుంటే మొగుడూ పెళ్ళాం కూడా అవుతారు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "అదేంటమ్మా, అన్నని ఎవరైనా పెళ్ళి చేసుకుంటారా!"

"మా అమ్మానాన్నా అంతే మేడమ్. మా తాతలిద్దరూ అన్నదమ్ములు" అంది ఆ పిల్ల. దానికి అందులో వింతేమీ కనపడలేదు. పుట్టినప్పటి నుంచీ కళ్ళముందు ఉన్న మనుషుల్ని సాక్ష్యం చూపించింది, అంతే.

నా పక్కన వాళ్ళ నాన్న తల దించుకుని, చొక్కా బొత్తాం తిప్పుతున్నాడు. డాక్టరమ్మ మెడ చాచి వెనక కూర్చున్న వాళ్ళమ్మని చూసి, "అవునామ్మా? దగ్గర సంబంధమా? పిల్లలందరూ బాగానే ఉన్నారా?" అని అడిగింది.

"బాగానే ఉన్నారండీ" అంది వాళ్ళమ్మ.

ఇక్కడొక మాట చెప్పాలి. ప్రశ్న చదవగానే నా బుర్రలోనూ మొదట మెదిలింది 'భర్త' అనే జవాబే. మా ఇళ్ళల్లో చిన్నాన్న కూతురు చెల్లెలు, మేనమామ కొడుకు బావ. నా మొగుడు నాకు మేనమామ కొడుకు. మా తాతలు మతం మార్చుకున్నారు గానీ వరసలు మార్చుకోలేదు. ముస్లిం ఇళ్ళల్లో అన్నదమ్ముల పిల్లలకి పెళ్ళి కుదురుతుందని నాకు తెలియక కాదు. ఆ వీధుల్లో ఎన్ని పెళ్ళి భోజనాలు తినలేదు! అయినా పరీక్ష పేపరు అనగానే మా ఇల్లే లోకం అయిపోయింది. ప్రశ్న తయారుచేసినవాళ్ళూ నాలాంటివాళ్ళే అయ్యుంటారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ పన్నెండేళ్ళ పిల్ల పేపరు మీద పెట్టిన జవాబు, ఆ గదిలో ఉన్న పెద్దవాళ్ళందరి జవాబు కంటే సరైనది.

"చూడమ్మా, అది మీ ఆచారం కావచ్చు. కాదనను. పేపర్ అడిగేది ఆచారం కాదు, లాజిక్. జనరల్‌గా చెప్పాలి" అన్నాడు డైరెక్టరు.

"జనరల్‌గా అంటే అందరికీ కదా సార్?" అంది పిల్ల. గొంతు చిన్నదైంది గానీ మాట తడబడలేదు. "అందరిలో మేం కూడా ఉంటాం కదా? 'వీలు లేదు' అంటే ఒక్కరికి కూడా వీలు ఉండకూడదు. మా ఇంట్లో వీలైంది కదా సార్."

లెక్కల్లో నేను ఇన్నేళ్ళుగా నేర్పాలని చూస్తున్నది అదే. ఒక్క ఉదాహరణ చాలు, సూత్రం పడిపోతుంది. ఆ ముసలాయన లెక్చరరు, ఆయనకి ఇది అర్థమవకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను.

అర్థం కాలేదు. లేక, అర్థం చేసుకుంటే ఆ ఏడు పేపరంతా మళ్ళీ దిద్దుకోవాలని భయపడ్డాడో. ముందుకి వంగి ఇంకా మెత్తగా చెప్పాడు. "నువ్వు చాలా తెలివైనదానివమ్మా. అందుకే ఇంతసేపు అడుగుతున్నాను. కానీ నా తప్పు లేదని పట్టుబట్టే పిల్లలు మా దగ్గర నెగ్గుకురాలేరు. దిద్దుకోవడం కూడా తెలివేగా? ఇంట్లో చూసింది కాసేపు పక్కన పెట్టు. ఇప్పుడు చెప్పు."

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఒక్క మాటండీ. ఆ అమ్మాయి జవాబు..."

"టీచర్ గారూ, దయచేసి కూర్చోండి. మీరు మాట్లాడితే అమ్మాయికే నష్టమండీ" అన్నాడు. ఆ చివరి మాటకి కూర్చున్నాను.

ఆ పిల్ల కుర్చీలో వెనక్కి తిరిగింది. నన్ను చూడలేదు. వాళ్ళమ్మని చూసింది. ఆ తల్లి ముఖం ఎర్రబడి ఉంది. ఆవిడ కూతురి కళ్ళలోకి చూస్తూ తల ఊపింది. చెప్పెయ్ అన్నట్టు. వాళ్ళ నాన్న తల ఎత్తలేదు.

పిల్ల మళ్ళీ బల్ల వైపు తిరిగింది. "మూడో ఆప్షన్ సార్. భర్త కావడానికి వీలు లేదు" అంది.

"వెరీ గుడ్!" అన్నాడాయన. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది.

బయటికి వచ్చాక వాళ్ళని క్యాంటీన్ దగ్గర కూర్చోబెట్టి నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. డైరెక్టరు గారు భోజనానికి లేస్తున్నాడు. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. మీది దగ్గర సంబంధమా, బయటి సంబంధమా?"

ఆయన నవ్వాడు. "దాచేదేముందమ్మా, మేనరికమే. మా మేనమామ కూతురే."

"నాదీ మేనరికమేనండీ. ఇదే పేపరు ఉత్తరాదివాళ్ళు తయారుచేస్తే మేనమామ కూతురు కూడా చెల్లెలే. మీరూ నేనూ చేసుకున్న పెళ్ళిళ్ళు వీలు కానివే. అప్పుడు మీ పిల్లలు ఆ హాల్లో కూర్చుని ఏ ఆప్షన్ పెట్టాలి సార్?"

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకునుంటే నాకు హాయిగా ఉండేది. "మీరన్నదాంట్లో పాయింటుందండీ. చూద్దాం. అయినా మీరెందుకు బాధపడతారు? అమ్మాయి దిద్దుకుంది. సీటు ఖాయం. మీకు కావలసింది అదేగా?"

అవును, కావలసింది అదే. సీటు ఇవ్వనంటే కోర్టుకెక్కేదాన్ని, కలెక్టరాఫీసు మెట్ల మీద కూర్చునేదాన్ని. ఇచ్చేశాక దేని మీద పోట్లాడను?

తిరుగు బస్సులో వాళ్ళమ్మే నన్ను ఓదార్చింది. "మీరెందుకు టీచరమ్మా అంత కోప్పడతారు? ఒక మాటేగా. ఆ మాటకి మా నిఖా ఏం రద్దయిపోదు" అని నవ్వింది. వాళ్ళ నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పిల్ల తల్లి భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకుంది, నిద్రపోతోందో లేదో తెలియలేదు.

సీటు వచ్చిందని ఫోనుకి మెసేజ్ వచ్చిన రోజు ఆవిడ మా ఇంటికి సేమ్యా పాయసం పట్టుకొచ్చింది. మిషను ముందు కూర్చోబెట్టాలన్న పెద్దవాళ్ళు కూడా ఊరంతా చెప్పుకుంటున్నారంది. నేనూ తిన్నాను. ఆ గదిలో జరిగింది అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. కొత్త పుస్తకాలు, కొత్త స్నేహితులు, ఇంక ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది అనుకున్నాను.

జూన్‌లో కొత్త పిల్లలకి స్వాగత సభ పెట్టారు. పేర్లు పంపిన టీచర్లందరినీ స్టేజి మీదకి పిలిచి శాలువాలు కప్పారు. ఎండ మండిపోతోంది. ఆ శాలువా మెడకి గరుకుగా గుచ్చుకుంటోంది. హాలు నిండా కొత్త యూనిఫాంలో పిల్లలు, వెనక వరసల్లో తల్లిదండ్రులు. తలకి స్కార్ఫ్ కట్టుకున్న పిల్ల వాళ్ళలో ఒక్కతే. ఎక్కడ కూర్చున్నా కనపడుతుంది.

డైరెక్టరు గారు మైకు తీసుకున్నాడు. ప్రతిభ అంటే ఏమిటో చెబుతూ చెబుతూ, "ఈ ఏడాది ఒక అమ్మాయి, పేరు చెప్పను" అన్నాడు. "అన్నదమ్ముల పిల్లలు మొగుడూ పెళ్ళాలు కావచ్చని రాసింది." హాలంతా నవ్వింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "నవ్వకండి. వాళ్ళింట్లో అలాగే ఉందట. కానీ ఆలోచించమంటే ఆలోచించింది. ఇంట్లో చూసినదాన్ని దాటి వచ్చి, సరైన జవాబు చెప్పింది. అదీ ప్రతిభ అంటే! ఆ అమ్మాయికి చప్పట్లు కొట్టండి."

చప్పట్లు కొడుతూ పిల్లలు తలలు తిప్పుతున్నారు. పేరు చెప్పనక్కర్లేకపోయింది. వెతకడానికి వాళ్ళకి ఎంతోసేపు పట్టలేదు.

నేను మైకు కోసం చెయ్యి చాపాను. ఏమనాలనుకున్నానో ఇప్పుడు సరిగా గుర్తు లేదు. పెద్దాయన పరువు తీసేదాన్నన్నది మాత్రం ఖాయం. కానీ ఆ వరసల మధ్య నుంచి ఆ పిల్ల నా వంకే చూస్తోంది. తల అడ్డంగా ఊపింది. వద్దు టీచర్ అన్నట్టు. నేను ఇంకొక్క మాట మాట్లాడితే అందరూ ఇంకొకసారి తన వైపు తిరుగుతారని ఆ పిల్లకి అప్పటికే తెలిసిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని శాలువా సర్దుకున్నాను.

దసరా సెలవులకి వచ్చినప్పుడు ఆ పిల్ల స్కూలుకి వచ్చి నన్ను కలిసింది. పొడుగైంది. మాటకి ముందు ఆగడం పోయింది. అడిగిన వెంటనే జవాబు చెబుతోంది. క్లాసులో తనే ఫస్టు అంది. లెక్కలెలా ఉన్నాయని అడిగాను. బాగున్నాయంది. "మీ సార్‌ని కూడా 'ఎప్పుడూనా' అని వేధిస్తున్నావా?" అని నవ్వుతూ అడిగాను.

"లేదు టీచర్. అలా అడిగితే టైం వేస్టు. వాళ్ళకేం కావాలో అదే రాయాలి" అంది. ఆ మాటలో బాధేమీ లేదు. బస్సు ఏ స్టాపులో ఆగుతుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ తర్వాత ఒకనెల, తల్లిదండ్రులు వచ్చే ఆదివారం నాడు, నేనూ ఆ పిల్లని చూసొద్దామని బయల్దేరాను. బస్సులో వాళ్ళమ్మ కనపడింది. ఒళ్ళో స్టీలు క్యారియర్ పెట్టుకుని ఒక్కతే కూర్చుంది. పక్కన కూర్చుని, "మీ ఆయన రాలేదేం? షాపులో పని ఎక్కువా?" అని అడిగాను.

"పనేం లేదు టీచరమ్మా. పోయిన నెల ఆయన వచ్చారు. ఈ నెల నా వంతు."

"వంతులేంటి?"

ఆవిడ క్యారియర్ పట్టుకున్న చేతుల వైపు చూసుకుంది. "ఇద్దరూ కలిసి రావద్దంది. మేం పక్కపక్కన నిలబడితే పిల్లలు మా మొహాలు పోల్చి చూస్తున్నారంట. అన్నాచెల్లెళ్ళలాగే ఉన్నారు చూడండే అని వెనకాల నవ్వుకుంటున్నారంట. ఒక్కళ్ళొక్కళ్ళే రండి అమ్మీ అని ఏడ్చింది. వాళ్ళ నాన్న సరేనన్నారు." క్యారియర్ సర్దుకుని, "అబద్ధమేం కాదులే టీచరమ్మా. మా ఇద్దరిదీ మా తాతల ముక్కే" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"నేను వార్డెన్‌తో మాట్లాడతాను. ఆ డైరెక్టరు సంగతి కూడా తేలుస్తాను. ఇదేం పద్ధతి" అని గొంతు పెంచాను. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఆవిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "వద్దు టీచరమ్మా, మీకు దణ్ణం పెడతాను. బాగా చదువుకుంటోంది. ఫస్టు వస్తోంది. వచ్చే ఏడు చిన్నదాన్ని కూడా పంపాలి. మీరేదైనా అంటే అంతా పాడైపోద్ది." నేను నోరు మూసుకున్నాను.

క్యాంపస్ ముందు బస్సు దిగాం. గేటు లోపల తల్లిదండ్రులూ పిల్లలూ గుంపులుగా నిలబడి ఉన్నారు. ఆ పిల్ల కొంచెం దూరంగా, ఎవరూ లేనిచోట నిలబడి రోడ్డు వైపు చూస్తోంది. వాళ్ళమ్మ క్యారియర్ నా చేతికిచ్చింది. బురఖా మీది ముసుగు ముఖం మీదికి లాక్కుని, వెనక ముడి బిగించుకుంది. వన్‌టౌన్ వీధుల్లో ఎప్పుడూ ముఖం తెరుచుకునే తిరిగే మనిషి. ఆవిడ ముఖం కప్పుకోగా నేను చూడటం అదే మొదలు.

కళ్ళు మాత్రం పైకి కనపడేటట్టు గుడ్డ సర్దుకుని, నా వైపు తిరిగి మెల్లిగా అడిగింది.

"ముక్కు కనపడటం లేదుగా టీచరమ్మా?"